కాక బొటనవేలి గుంట

మా కాక పోయాడన్న కబురు శుక్రవారం పొద్దున, రియాద్ శివారు సులైలోని మా కార్మికుల క్యాంపు వంటగదిలో చపాతీ పిండి కలుపుతుండగా తెలిసింది. నిద్రలోనే గుండె ఆగిందట. మాది రక్తసంబంధం కాదు. ఆయనది జగిత్యాల వైపు. నేను రియాద్ వచ్చిన కొత్తలో ఒకసారి "కాకా" అని పిలిచాను, అదే ఖాయమైంది. ఏడుపు ఆ రోజే అయిపోయింది. ఇప్పుడు మిగిలింది కోపం. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

ఊరవతల ఒక షూటింగ్ క్లబ్బులో మా ఇద్దరికీ పని. నాది ఏసీల మరమ్మతు. ఆయనది పేలిన తూటాల ఇత్తడి గుల్లలను మళ్ళీ వాడకానికి తెచ్చే బల్ల. పేలినప్పుడు గుల్ల కాస్త ఉబ్బుతుంది. దాన్ని ఉక్కు అచ్చులోకి నొక్కి పాత కొలతకు తేవాలి. నొక్కే ముందు గుల్ల ఒంటినిండా జిడ్డు పట్టించాలి. లేకపోతే ఇత్తడి అచ్చును కరచుకుని ఊడి రాదు.

గొర్రె ఉన్ని నుంచి తీసిన, మైనం లాంటి జిడ్డు అది. చిన్న రేకు డబ్బాలో ఉండేది. కాక అందులో ఎప్పుడూ ఒకే చోట బొటనవేలు అద్దేవాడు. గుల్లను వేళ్ళ మధ్య తిప్పుతూ నాలుగు వైపులా రాసేవాడు. "ఎక్కువైతే గుల్ల భుజం కాడ సొట్టబోతది కొడుకా, తక్కువైతే అచ్చుల ఇర్కుతది. పసిపోరనికి నూనె వెట్టినట్టు వెట్టాలె" అనేవాడు. చివరికి వేళ్ళకు మిగిలింది మడమల పగుళ్ళకు రాసుకునేవాడు, అడిగితే నాకూ రాసేవాడు. ఈ ఎండలో మా అందరి చేతులూ బీటలు వారితే ఆయన చేతులు మాత్రం మెత్తగా ఉండేవి.

ఆ గొర్రె వాసనతో ఆయన గదిలోకి రాగానే "మంద వచ్చింది, తలుపు తీయండి" అని ఏడిపించేవాళ్ళం. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. "ఊళ్ళె గొర్లు గాసుడు ఇడిచిపెట్టి ఇంత దూరమొస్తి. ఈడ గూడ గదే వాసనాయె" అని తానే ముందు నవ్వేవాడు.

ఆయన పోయిన వారంలోనే క్లబ్బులో పోటీలు వచ్చాయి. మా సూపర్‌వైజరుకు తొందర. మన తెలుగువాడే, అందుకే ఇంకా ఒళ్ళు మండుతుంది. డబ్బా పక్కకు నెట్టి, గుల్లలను వరసగా నిలబెట్టి, ఒక పక్క నుంచి జిడ్డు స్ప్రే కొట్టి, అది ఆరకముందే గుల్లను అచ్చులోకి నొక్కే మీట తానే లాగాడు. ఆ గదిలో ఏసీ విప్పుతూ నేను కళ్ళారా చూశాను. గుల్ల ఇరుక్కుంది. మొండిగా గుంజితే అంచు తెగి ముక్క లోపలే ఉండిపోయింది. యజమాని వచ్చి అడిగితే ఏం చెప్పాడో తెలుసా? ముసలాయన పోయేముందు జిడ్డు సరిగ్గా పూయకుండా పెట్టిపోయాడని!

ఆ ముక్కకు చిల్లు పెట్టి, బోల్టు బిగించి నేనే బయటికి లాగాను. ఒక వైపు స్ప్రే తడి, రెండో వైపు ఎండిపోయి గీతలు. కాక చేతిలో తిరిగిన గుల్ల ఒక్కటైనా అలా ఉంటుందా? తీసుకెళ్ళి సూపర్‌వైజరు ముందు పెట్టాను.

"అరే భాయ్, ఆయన పోయిండు గదా. ఆయనకేం నష్టం? నా నౌకరి పోతే నువ్విస్తవా?" అన్నాడు.

చనిపోయినవాడు తిరిగి మాట్లాడడు కాబట్టి వాడి నెత్తిన ఏదైనా రుద్దొచ్చా? గట్టిగానే అడిగాను. ఖలాస్, పనికి పొమ్మన్నాడు. అంతటితో ఊరుకోలేదు. సామాన్ల కోసం ఫోన్ చేసిన కాక కొడుకుకూ అదే మాట చెప్పాడు.

ఆ మర్నాడు చిన్నమ్మ, అంటే కాక భార్య, నాకు ఫోన్ చేసింది. "ఆయిన పని కరాబు జేసిండా కొడుకా?"

"లేదు చిన్నమ్మా. అబద్ధం. నేను జూసిన."

"నాకెరుకనే. నీ నోట ఇందామని అడిగిన. పోరడే నమ్మిండు. నాయిన పేరు దీస్తే తల దించుకుంటుండు."

ఆ అబ్బాయికి నేనూ చెప్పాను. "సారే గట్ల జెప్పిండు గదన్నా" అన్నాడు. తమ్ముడూ, నువ్వు చదువుతావనే ఇదంతా రాశాను. మీ నాయన చేతిలో తప్పు లేదు. ఆ సారు అబద్ధాలకోరు, ఈ మాట ఆయన ముందు కూడా అంటాను.

డబ్బాను చెత్తలో వేయమన్నారు. వేయలేదు. జగిత్యాల వెళ్ళే మనిషితో నీకు పంపిస్తాను. మూత తీసి చూడు, జిడ్డులో ఒక పక్కగా మీ నాయన బొటనవేలు దిగిన గుంట ఉంటుంది. అందులో నీ వేలు పెట్టి చూసుకో. అంతవరకు దాన్ని నా గదిలో ఏసీకి ఎదురుగా పెట్టాను. బయట ఎండకు కరిగితే ఆ గుంట పూడుకుపోతుంది.