పాల మామ్మ, నా అయోడిన్ చుక్క

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చివరికి నా డైరీలో కూడా ఆ రోజు పేజీలో "పాల వ్యవహారం" అని రెండు మాటలు రాసి మూసేశాను. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఆ రోజుల్లో నేను క్లాసులో నోరు విప్పి అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు (హాజరు పిలిచేటప్పుడు కూడా పక్కమ్మాయే నా బదులు పలికేది). కానీ జీవాణువుల పాఠం మొదలయ్యాక లోలోపల నాకో గర్వం పట్టుకుంది. ప్రాణమున్న ప్రతిదాంట్లోనూ పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు, కేంద్రకామ్లాలు అని నాలుగు ముఖ్యమైన రకాల అణువులుంటాయని తెలిశాక, భవానీపురంలోని మా వంటిల్లు నాకు వేరేగా కనబడసాగింది. కాగితం మీద గారె పెట్టి, మరక చూసి "కొవ్వు" అనుకునేదాన్ని. మందుల డబ్బాలోని అయోడిన్ ఇడ్లీ మీద వేస్తే ముదురు నీలం తేలేది, అంటే పిండి. మాంసకృత్తుల పరీక్షకు కావలసిన మందు ఇంట్లో లేక కోడిగుడ్డు బతికిపోయింది. కేంద్రకామ్లాల జోలికి నేనే వెళ్లలేదు.

ఒకరోజు అమ్మ కాఫీ కలుపుతూ, "ఈ మధ్య మామ్మ పాలు ఏంటో తేడాగా ఉంటున్నాయే" అంది. మామ్మంటే మా వీధిలో మూడిళ్లకు గేదె పాలు పోసే పెద్దావిడ. ఆ మూడిళ్లే ఆవిడకు ఆధారం. పాలు చిక్కగా కనబడాలని కొందరు పిండి కలుపుతారనీ, అయోడిన్ వేస్తే బయటపడుతుందనీ మా మేడమ్ చెప్పి అప్పటికి వారం కాలేదు. పెరట్లో గట్టు మీద కనబడ్డ స్టీలు గ్లాసులో పాలు పోసి చుక్క వేశాను. నీలం. "అమ్మా, ఇందులో పిండి ఉంది" అన్నాను. నేనంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు.

సాయంత్రం మామ్మ రాగానే అమ్మ ఆ గ్లాసు చేతిలో పెట్టింది. "ఏమీ అనుకోకండి మామ్మగారూ, రేపట్నుంచి మాకొద్దండి. మిగతా రెండిళ్లవాళ్లూ మానేస్తామన్నారు." మామ్మ గ్లాసు అంచు మీద బొటనవేలు రాసి, వాసన చూసి, నా వంక ఒకసారి చూసింది. "సరేనమ్మా" అని గ్లాసు గట్టు మీద పెట్టేసి, క్యాను ఎత్తుకుని వెళ్లిపోయింది.

రెండ్రోజుల తర్వాత అమ్మ నూలు చీరలకు గంజి పెడుతోంది. బకెట్లోంచి గంజి ముంచుతున్నది ఆ గ్లాసుతోనే. పనయ్యాక దాన్ని తొలవకుండా గట్టు మీద బోర్లించి లోపలికెళ్లింది. అందులో ఒట్టి కుళాయి నీళ్లు పోసి చుక్క వేశాను. నీలం.

వెంటనే నిజం చెప్పాల్సింది, నోరు రాలేదు. దానికి బదులు మామ్మ ఇంటికెళ్లి పాలు పోయించుకొచ్చి, గ్లాసు మూడుసార్లు తోమి, అమ్మ ఎదుట మళ్లీ పరీక్ష చేశాను. నీలం రాలేదు. "చూశావా, దెబ్బకి దారికొచ్చింది" అంది అమ్మ తృప్తిగా. మూడిళ్లూ మళ్లీ పాలు పోయించుకున్నాయి. మామ్మ మాత్రం చెయ్యని తప్పును మానుకున్న మనిషిగా మిగిలిపోయింది. నేను మా వీధికి సైంటిస్టునయ్యాను.

ఇప్పుడు కంకిపాడులో ఒక కాలేజీలో ఆ పాఠం నేనే చెబుతున్నాను (వెనక బెంచీల వైపు ఇంకా చూడలేను). ఉద్యోగం వచ్చిందని మొన్న స్వీట్లు తీసుకుని మామ్మ దగ్గరికి వెళ్లాను. "మామ్మా, ఆ రోజు ఆ గ్లాసు..." అని మొదలుపెట్టి, అలవాటుగానే ఆగిపోయాను.

"గంజి గ్లాసా? అంచుకి అట్టకట్టి ఉంటే ఆ రోజే చూశాగా" అంది మామ్మ, లడ్డూ తుంచుతూ.

"మరి అప్పుడే అనలేదేం?"

"నోరెత్తని పిల్లవి, అంత ధైర్యంగా ఓ మాటన్నావు. మళ్లీ మూయించడమెందుకులే అనుకున్నా. పోయినయ్యేంటి, నాలుగు రోజుల పాలేగా, తోడేసి పెరుగమ్ముకున్నా."

డైరీలో దాచుకున్న నా పెద్ద రహస్యాన్ని, ఇన్నేళ్లూ నాకంటే జాగ్రత్తగా ఇంకొకరు దాచారు. బయల్దేరుతుంటే మామ్మ గుమ్మం దాకా వచ్చి, నా చేతిసంచీ సర్ది, అంది:

"మీ కాలేజీలో గ్లాసులు కడగడానికి మనిషుందా తల్లీ?"