తొలి ఘాటీకి నేను ఎక్కలేదు

పొద్దున షట్టరు ఎత్తేటప్పుడు నాకు ఒకటే భయం, ఇవాళ దానయ్య వస్తాడేమోనని. ఆయన నాకు శత్రువు కాదు. వస్తే గుమ్మం పక్కనున్న పాత టైరు మీద కూర్చుంటాడు. టీ తాగుతాడు. కుంటుకుంటూ వెళ్లిపోతాడు. ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నేను మోస్తున్న బరువు. నా భార్యకు ఈ సంగతి తెలియదు. దేవుడికి తెలుసు అంటారు గాని, ఆయన ముందు కూడా నేను గట్టిగా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. అలాగైతేనే నోరు పెగులుతోంది.

నాది సాలూరులో మెకానిక్ షాపు. మా ఊళ్లో రాయి విసిరితే అది లారీకి తగలాలి, లేదా మెకానిక్‌కి తగలాలి. కాబట్టి అందులో గొప్పేమీ లేదు. కానీ స్టీరింగు పని అంటే నా పేరే చెప్పేవారు. ఆ మాట వినడం నాకు ఇష్టం. చాలా ఇష్టం. ఈ కథకు మూలం డబ్బు లేకపోవడమని మొదట్లో నాకు నేను చెప్పుకునేవాణ్ణి. డబ్బు లేకపోవడం దానయ్య కష్టం. నాది వేరే జబ్బు.

దానయ్యది నౌపడ వైపు సముద్రపు ఊరు. ఆయనా, భార్య రాములమ్మా ఎండుచేపలు, ఉప్పు తెచ్చి కొండ మీది సంతల్లో అమ్మేవారు. సంతల కోసమే సాలూరు వచ్చి ఉండిపోయారు. నేనూ ఆయనా బావా బావా అని పిలుచుకునేవాళ్లం. రక్త సంబంధం కాదు, వరస కలుపుకున్నాం. రాములమ్మ నన్ను అన్నా అనేది. సంత నుంచి దిగినప్పుడల్లా ఎండు నెత్తళ్ల చేపలు పొట్లం కట్టి మా ఇంటికి పంపేది. వాళ్లకు ఒక్కతే కూతురు, గౌరి. నన్ను మావయ్యా అని పిలుస్తుంది. ఇప్పటికీ.

వాళ్ల జీపు ముసలిది. ఘాట్ రోడ్డు దాటాక సంతకు వెళ్లే దారి దారి కాదు, రాళ్లూ, నీళ్లు పారే గెడ్డలూ. చక్రం రాయికి తగిలితే స్టీరింగు చేతుల్లోంచి విదిలించుకునేది. ఒకసారి దానయ్య బొటనవేలు బెణికింది. భుజాలు రాత్రంతా సలుపు. లారీలకు ఉన్నట్టు తన జీపుకూ పవర్ స్టీరింగు పెట్టమని అడిగాడు. కొత్త సామాను కొనే స్తోమత లేదు. నేను పాత ఇనుము కొట్లన్నీ తిరిగి, నుజ్జయిన ఒక వ్యాను నుంచి పవర్ స్టీరింగు పెట్టె విప్పించి తెచ్చాను. పంపు ఇంకో బండిది. గొట్టాలు మరో బండివి. ఛాసిస్‌కి పట్టీ కొట్టి కూర్చోబెట్టాను. మా ఊళ్లో అలాంటి ముసలి జీపుకు అది పెట్టినవాడు అప్పటికి లేడు. పక్క షాపులవాళ్లు వచ్చి చూసి వెళ్లేవారు. నేను కిందపడుకుని పనిచేస్తూ వాళ్ల కాళ్లు లెక్కపెట్టుకుని మురిసిపోయాను.

చివర్లో ఒక ముక్క దగ్గర పని ఆగింది. స్టీరింగు పెట్టె నుంచి కిందికి వేలాడే ఇనుప చెయ్యి ఒకటుంటుంది. డ్రాప్ ఆర్మ్ అంటాం. డ్రైవరు తిప్పినది చక్రాలకు అందించేది అదే. అది తెగితే డ్రైవరు చేతిలో ఉన్నది తీర్థంలో కొన్న బొమ్మే. వ్యానుది జీపుకు పొడవు చాలలేదు. జీపుది ఈ పెట్టెకు పట్టలేదు. సరైనది దొరికేదాకా ఆగాలి. దొరకదని కాదు, ఆగాలి. అవతల కొండ మీద చింతపండు సంతలు, ఆయన సరుకు బాగా అమ్ముడుపోయే రోజులు, మొదలవుతున్నాయి, దానయ్య రోజూ వచ్చి బండి చుట్టూ తిరుగుతున్నాడు. పక్క షాపువాళ్లు పని ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతున్నారు. నేను ఆ రెండు ఇనుప చేతుల్నీ కోసి, ఒకదానిది పైముక్క, ఒకదానిది కిందిముక్క కలిపి వెల్డింగు పెట్టేశాను.

స్టీరింగు ముక్కకు వెల్డింగు పెట్టకూడదు. ఈ మాట నాకు తెలియక కాదు. నాకు పని నేర్పిన మేస్త్రి మొదటి వారంలోనే చెప్పిన మాట అది. కాల్చి సాగగొట్టిన ఇనుము, అతుకు పక్కన పెళుసెక్కుతుంది, పైకి మాత్రం దిట్టంగా కనిపిస్తుంది. అందులోనూ పవర్ స్టీరింగు తోసే బలం మనిషి చేతి బలం కంటే ఎక్కువ. అన్నీ తెలుసు. తెలిసే పెట్టాను. అతుకు కనిపించకుండా గ్రైండరు పట్టాను, నల్లరంగు వేశాను. దానయ్యకు చెప్పలేదు. అడిగితే చెప్పేవాణ్ణేమో. ఆయన అడగలేదు. మనిషిని నమ్మినవాడు ఎందుకడుగుతాడు?

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. స్టీరింగు మీద చెయ్యి వేసిన మేస్త్రి ఆ బండితో తొలి ఘాటీ ఎక్కాలి. ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుని, కొండ ఎక్కి మళ్లీ దిగేదాకా ఉండాలి. చక్రాల కింద నిమ్మకాయలు ఎలాగో, ఇదీ అలాగే. మేస్త్రి ఎక్కితేనే బండి ఎక్కుతాదని డ్రైవర్లు అంటారు. మా మేస్త్రి డెబ్భై దాటిన వయసులో కూడా దగ్గుకుంటూ ఎక్కేవాడు. మొదట్లో ఇదంతా చాదస్తం అనుకున్నాను. తర్వాత అర్థమైంది. తన ప్రాణం కూడా ఆ బండిలోనే ఉంటే మనిషి బోల్టు ఇంకో చుట్టు బిగిస్తాడు.

ఆ రోజు తెల్లవారే దానయ్య జీపు తెచ్చి షాపు ముందు ఆపాడు. వెనక చేపల తట్టలు, ఉప్పు బస్తాలు. తట్టల మధ్య రాములమ్మ. ముందు సీటు నా కోసం తుడిచి ఉంచారు. నేను నుదుటి మీద చెయ్యి పెట్టుకుని బయటికి వచ్చాను.

"ఒళ్లు ఎచ్చగున్నాది బావా. ఇయ్యాల నాను రానేకపోతన్నాను. నువ్వెళ్లిపో, బండి బాగుంది."

నాకు జ్వరం లేదు.

దానయ్య కొంచెం తటపటాయించాడు. రాములమ్మ మాత్రం వెంటనే దిగింది. అన్నకి ఒంట్లో బాగోనేదు, లాగకు, అంది. ముందు సీటు ఖాళీగా పోకూడదని తనే వచ్చి అందులో కూర్చుంది. మాత్ర వేసుకో అన్నా అని నాకు చెప్పింది. నేను తలూపాను. జీపు మలుపు తిరిగింది. స్టీరింగు వెన్నలా తిరిగిందని దానయ్య తర్వాత నాతో చెప్పాడు. ఘాటీ దాకా అలాగే తిరిగిందట.

ఎందుకు ఎక్కలేదు నేను? ఈ ప్రశ్న నన్ను నేను అడగని రోజు లేదు. అతుకు ఆగుతుందని నమ్మి ఉంటే ఎక్కేవాణ్ణి కదా. ఆగదని నమ్మి ఉంటే బండిని ఆపేవాణ్ణి కదా. రెండూ చేయలేదు. అంటే ఆగుతుందో లేదో ఇంకొకరి ప్రాణం మీద తేల్చుకుందామనుకున్నానా? అంత చెడ్డవాణ్ణా అని అనిపిస్తుంది. కాదని చెప్పడానికి నా దగ్గర సాక్ష్యం ఏమీ లేదు. ఉన్న సాక్ష్యమల్లా లేని జ్వరమే.

మధ్యాహ్నానికి కబురు వచ్చింది. ఘాటీ పై మలుపులో జీపు లోయలోకి పోయింది. రాములమ్మ అక్కడికక్కడే చనిపోయింది. దానయ్యకు కాలు విరిగింది, ఆయన్ని కిందికి తెచ్చారు. బండి సంగతి తెలిసినవాణ్ణని పోలీసులు నన్నే పిలిచారు. క్రేను వెంట వెళ్లాను. ఎండుచేపలు రాళ్ల మీద పరుచుకుని ఉన్నాయి. నేను రాములమ్మ పడిన చోటు వైపు చూడలేదు. తిన్నగా బండి కిందికి దూరాను. డ్రాప్ ఆర్మ్ సరిగ్గా అతుకు దగ్గరే తెగింది. తెగిన చోట వెండిలా మెరుస్తోంది. పై ముక్క విప్పాను. కింది ముక్క విప్పాను. రెండూ సంచిలో వేసుకున్నాను. నలిగి ముద్దయిన బండిలో ఒక చిన్న ఇనుప ముక్క లేదని ఎవరు పట్టించుకుంటారు? సాయంత్రం వేగావతి నదిలో లోతున్న చోట పారేశాను. బండి ఎలా ఉందని అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పాను, స్టీరింగులో తేడా ఏమీ లేదని. తేలు కుట్టిన దొంగకు కనీసం నొప్పయినా తెలుస్తుంది. ఆ రోజు నాకు అదీ తెలియలేదు. చేతులు చకచకా పనిచేశాయి.

ఇక్కడితో ఆగి ఉంటే నాది పిరికితనం అనేవారేమో. నేను ఆగలేదు. ఆసుపత్రిలో దానయ్యను చూడడానికి వెళ్లాను. కాలికి కట్టు, కళ్లు వాచిపోయి ఉన్నాయి. నన్ను చూడగానే చెయ్యి పట్టుకున్నాడు.

"నిజం సెప్పు బావా. నువ్వు సూసినావు కదా. స్టీరింగులో ఏటైనా ఇరిగిందేటి?"

"నేదు బావా. అన్నీ బాగున్నాయి."

"మరి నాను తిప్పినాను కదరా. బాగా గేపకం ఉన్నాది. పూర్తిగా తిప్పినాను. బండి తిరగనేదు."

నేను ఏదో ఒకటి అనాలి. ఊరుకోవచ్చు కూడా. ఊరుకుంటే సరిపోయేది. ఆ ప్రయాణానికి ముందు రాత్రంతా ఆయన చేపల లారీ దగ్గర సరుకు దింపించుకుంటూ మేల్కొని ఉన్నాడని నాకు తెలుసు.

"రేత్తిరి నిద్ర నేదు కదా బావా నీకు," అన్నాను. "కన్ను మూతపడిపోయుంటాది. తిప్పినానని అనుకుంటన్నావు. కలలాగ."

దానయ్య తన కాలి కట్టు వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "అంతేనేమో. అయితే నానే సంపేసినాను దాన్ని." ఏడవలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. తడిగుడ్డతో గొంతు కోయడం అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అది చేసేవాడి గొంతు ఎంత మెత్తగా ఉంటుందో ఆ రోజు నా చెవులతో నేనే విన్నాను.

ఆ తర్వాత ఆయన ఆ మాట అందరికీ తనే చెప్పుకున్నాడు. నా కన్ను మూతపడిపోయిందని పోలీసులకు చెప్పాడు. కర్మ నాడు చుట్టాల ముందు చెప్పాడు. కూతురికి చెప్పాడు. గౌరి నా దగ్గరకు వచ్చి, మావయ్యా, నాన్న తిప్పినానన్నాడట, బండిదే తప్పా అని ఒక్కసారి అడిగింది. బండి బాగుందమ్మా అన్నాను. ఆమె అంతకంటే ఏమీ అడగలేదు. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నిద్రపోయినవాడు నాకు నాన్నేమిటి అని వెళ్లిపోయింది. ఇప్పుడు కొత్తవలసలో కాపురం. ఆయన ఫోను ఎత్తదు. దానయ్య మళ్లీ స్టీరింగు పట్టుకోలేదు. లారీ ఆఫీసు దగ్గర కాపలా ఉంటాడు. పగలు కునుకు వస్తే లేచి నిలబడతాడు, మోకాలి మీద గిల్లుకుంటాడు. నేను కళ్లారా చూశాను. ఆయనకు నిద్ర అంటే భయం. ఆ భయం నేను తయారుచేసి ఇచ్చినది.

వెల్డింగు ఒక్క రోజు తప్పు అనుకోండి. పోనీ, అలాగే అనుకోండి. కానీ దానయ్య టైరు మీద కూర్చుని టీ తాగిన ప్రతిసారీ నేను నోరు మూసుకోవడం, అది ఆ రోజుకు ఆ రోజు చేసిన కొత్త తప్పు. దానికి తొందర లేదు, చింతపండు సంతలు లేవు, పక్క షాపువాళ్ల మెప్పు లేదు. భయం ఒక్కటే. షాపు పోతుందని. జైలంటారని. గౌరి మావయ్యా అనడం మానేస్తుందని. వీటన్నిటికంటే ఏది ఎక్కువ భయమో చెప్పమంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, పేరు పోతుందని.

ఈ వారం దానయ్య వచ్చాడు. టైరు మీద కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు. గౌరికి ఆడపిల్ల పుట్టిందట. ఎవరో చెబితే తెలిసింది. పిల్లను ఒక్కసారి చూడాలని ఉంది. వెళితే తలుపు తీయదు.

"నువ్వొక్కసారి నాతో రా బావా," అన్నాడు. "నువ్వంటే దానికి గురి. నువ్వు నిజవే సెప్తావని దాని నమ్మకం. నువ్వు సెప్తే నన్ను గుమ్మంలోకి రానిస్తాది."

వస్తానన్నాను. అన్నాక ఆయన ముఖం చూడలేకపోయాను. వేరే బండి కిందికి దూరి, ఊరికే ఒక నట్టు పట్టుకుని పడుకున్నాను. నేనేం చెప్పాలి ఆ పిల్లకు? నాన్నను క్షమించమ్మా అనా? ఏ తప్పుకు?

రేపు ఉదయం కొత్తవలస బయలుదేరాలి. అక్కడ నా నోరు మళ్లీ మెత్తబడుతుందేమో. నన్ను నేను నమ్మను, నమ్మడానికి నేను మిగుల్చుకున్నదేమీ లేదు. అందుకే ముందు ఇక్కడ, మీరు చదివే చోట, వెనక్కి తీసుకోలేని చోట రాసి పెడుతున్నాను. మీరు నన్ను క్షమించకండి, అది మీ పని కాదు. దానయ్యది కూడా కాదు. రాములమ్మ ఒక్కతే ఆ మాట అనగలిగేది. మొదటి వాక్యం మూడుసార్లు కొట్టేసి రాశాను, ఇప్పుడు కొట్టేయడం లేదు. ఈ కాస్త తెరిపి కూడా నాకు ఎక్కువే.

దానయ్య ఆ రోజు నిద్రపోలేదు. కన్ను మూతపడలేదు. మలుపులో పూర్తిగా తిప్పాడు, చేయవలసినదంతా చేశాడు. విరిగింది నేను అతికించిన ఇనుము.