అత్త కొప్పులో పెన్సిలు

పొద్దుటి ఆదోని బస్సు కండక్టరు ఎమ్మిగనూరు బస్టాండు నుంచి మా ఇంటిదాకా నడిచి వచ్చాడంటేనే ఏదో జరిగిందని తెలిసింది. అత్త పంపే కబుర్లు ఆయన దారిలో ఎవరికో ఒకరికి చెప్పి పంపేవాడు తప్ప ఇంటికి వచ్చే మనిషి కాదు. "అమ్మా, మీ ఫ్రేముల అత్త పోయినాదంట. నిద్రలోనే పోయినాదంట. నిన్ను పిల్చుకు రమ్మన్నారు" అన్నాడు. చీర అంచు డిజైనుకు గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపుతున్నదాన్ని, కుంచె కూడా కడగకుండా లేచి ఆయన వెంట నడిచాను. బస్సులో కూర్చున్నాక చూసుకుంటే వేళ్ళకు ఎర్ర రంగు అలాగే ఉంది. అత్త చూస్తే తిట్టేది.

ఆమె మా నాన్నకు అక్క. ఆదోనిలో స్టేషను నుంచి పత్తి మార్కెట్టు యార్డుకు పోయే దారిలో పటాలకు ఫ్రేములు కట్టే అంగడి ఆమెది. మామ పోయాక అంగడి మూసేస్తుందని బంధువులంతా అనుకున్నారు. పదో రోజు కర్మ ముగిసిన మర్నాడే తలుపు తీసి, అద్దం కోసే వజ్రపు ములుకు చేతిలో పట్టుకుని కూర్చుంది. బొట్టు లేని నుదురు, తలలో పెన్సిలు. కొప్పులో పూలు పెట్టుకునే చోట ఆ పెన్సిలు గుచ్చుకునేది. కొలతలు గుర్తు పెట్టడానికని అందరం అనుకునేవాళ్ళం.

పత్తి అమ్ముకున్న రైతులు గోనెగండ్ల నుంచి, దేవనకొండ నుంచి వచ్చినవాళ్ళు, చుట్టి పట్టుకొచ్చిన క్యాలెండరు బొమ్మను ఆమె ముందు విప్పేవారు. సంవత్సరం అయిపోయిన క్యాలెండర్లో తేదీలు పారేస్తారు గానీ దేవుణ్ణి పారేయరు కదా. ఆమె తేదీల కట్ట పీకేసి, కింద అచ్చేసిన మిల్లు పేరు పట్టీ కత్తిరించి, బొమ్మకు అద్దం బిగించి ఇచ్చేది. దేవుడి పటాన్ని అమ్ముతాను అని ఆమె నోట ఎన్నడూ వినలేదు. "ఎవురింటికి పోతాండాడు సామి?" అని అడిగేది. ఎవరైనా బేరం మొదలుపెడితే, "చెక్కకాడ బేరమాడు, అద్దంకాడ ఆడు. బొమ్మకాడ మాత్రం ఆడొద్దప్పా" అనేది. నవ్వుతూనే అనేది గానీ పైసా తగ్గేది కాదు.

ఆ బొమ్మల్లో ఎక్కువగా వచ్చేది లక్ష్మి. మామూలు లక్ష్మి కాదు. చేతుల్లో తామర పూలకు బదులు పగిలిన పత్తికాయలు, వెనక నల్లరేగడి చేను. డెబ్బయ్యో దశకం మొదట్లో ఆ బొమ్మ లేని పత్తి రైతు ఇల్లు మా వైపు అరుదు. దాన్ని గీసింది మా మామ. ఆ సంగతి మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. క్యాలెండర్లు వేయించే ఒక వ్యాపారి ఎక్కడినుంచో వచ్చి, ఇంగ్లీషులో రాసిన స్టాంపు కాగితం చూపించి సంతకం అడిగాడు. మామ తెలుగులో అందంగా, తీగ సాగినట్టు సంతకం పెట్టి ఇచ్చాడు. మరుసటేడు లక్ష్మి ఊరూరా వెలిసింది. పాదాల కింద ఏ ఊరికి ఆ ఊరి మిల్లు పేరే ఉంది. మామ ఒక క్యాలెండరు తెచ్చుకుని గోడకు తగిలించి, "బాగానే అచ్చేసినారే" అన్నాడట. అంతకు మించి ఏమీ అనలేదని అత్త చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడల్లా ఆమెకు కోపం వచ్చేది. ఎవరి మీదో నాకు అర్థమయ్యేది కాదు.

మామ పోయిన ఏడాదికి అంగడి మిద్దె మీద గదిలోకి ఒక వకీలు అద్దెకు వచ్చాడు. అత్త ఆయన్ను వదల్లేదు. సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని మెట్లెక్కడం, ఒక ప్రశ్న వేసి దిగిరావడం. "వకీలు సారూ, బొమ్మ అమ్మితే ఏమి పోతాది, ఏమి మిగుల్తాది?" పాపం ఆ వకీలు అప్పటిదాకా పొలం గట్ల తగాదాలు తప్ప చూసినవాడు కాదు. ఈమెకు జవాబు చెప్పడానికే కర్నూలు నుంచి చట్టం పుస్తకం తెప్పించుకున్నాడు.

ఒకసారి నేను అక్కడ ఉండగానే మామ సంతకం పెట్టిన కాగితం నకలు ఆయనకు చూపించింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "అన్ని హక్కులూ రాసిచ్చేసినాడమ్మా. చేసేదేం లేదు" అన్నాడు. అయినా నోటు చేసుకుందామని కలం తీసి "గీసినాయన పేరు?" అని అడిగాడు. అత్త నా వైపు చూసింది. మొగుడి పేరు నోటితో పలకకూడదనే పట్టింపు ఆమెకు. చావు నమోదు చేయించేటప్పుడు కూడా పక్కవాళ్ళతోనే చెప్పించింది. నేను చెప్పాను. వకీలు రాసుకుంటుంటే ఆ అక్షరాల వంకే చూస్తూ నిలబడింది.

నేను బొమ్మలు వేయడం మొదలుపెట్టాక మొదట ఆమె అంగడికే తీసుకెళ్ళాను. వేసిందెలా ఉందో చెప్పలేదు. "ఏమి అమ్ముతాండావు?" అని అడిగింది.

"బొమ్మ అత్తా."

"బొమ్మలో యేది? ఈ అట్టనా? దీన్ని అచ్చేసుకునే హక్కా?"

తేడా ఏమిటని అడిగాను. ఆమె మిద్దె వైపు చూపించి, "సారు పైన ఉండాడు. ఇల్లు సారుదయిపోయినాదా? అచ్చు హక్కు గూడా అంతే పాపా. అద్దెకియ్యి. ఒక ఏడాదికి, ఒక క్యాలెండరుకి. కాగితం మీద రాసియ్యనంతవరకు అది నీదే" అంది. నా చదువుల్లో ఇంత తేలిగ్గా బుర్రకెక్కిన పాఠం మరొకటి లేదు.

అయితే ఆ పాఠం ఒకవైపే కోసే కత్తి కాదు. ఒక మిల్లు సావుకారు పోయిన వాళ్ళ నాన్న బొమ్మ నాతో గీయించుకున్నాడు. ముసలాయన ముఖం అంత బాగా కుదిరేసరికి, దానికి నకలు వేసి ఇంకో చోట అమ్ముదామని నాకు ఆశ పుట్టింది. అత్త ఒప్పుకోలేదు. "వాళ్ళు అడిగి, రూకలిచ్చి గీయించుకున్న మొగము అది. వాళ్ళదే. చట్టం మనకి సుట్టమా?" అంది. రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాను. ఆమె పట్టించుకుంటే కదా!

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. తెల్లవారే వీధిలో పడుగు నూలు సాగదీసి గంజి పెడుతున్న ఎమ్మిగనూరు ఆడవాళ్ళ బొమ్మ ఒకటి వేశాను. దాన్ని అంగట్లో చూసి ఒక క్యాలెండర్ల ఏజెంటు ఆగాడు. ఆయన చెప్పిన ధర విని నా కాళ్ళు నేల మీద లేవు. నాన్న చూపు మందగించి మగ్గం దిగిన రోజులవి. ఏజెంటు సంచిలోంచి స్టాంపు కాగితం తీశాడు. మళ్ళీ ఇంగ్లీషే. నేను కలం కూడా పట్టుకున్నాను. అత్త ఆ కాగితం లాక్కుని పైకి తీసుకెళ్ళింది. కిందికి వచ్చేసరికి దాని మీద రెండు అడ్డగీతలు, పక్కన వకీలు రాత: ఒక ఏడాదికి మాత్రమే, బొమ్మ కింద గీసినవారి పేరు వేయాలి.

ఏజెంటు నవ్వాడు. "ఊరూ పేరూ లేని బొమ్మకి ఇంత పట్టుదలేందమ్మా?"

"ఊరు ఎమ్మిగనూరు. పేరు ఈ పాప సెప్తాది, రాసుకో" అంది అత్త.

ఆయన కాగితం మడిచి వెళ్ళిపోయాడు. నేను అంగట్లోనే ఏడ్చాను. "నీ పట్టింపుకి నా బతుకు అడ్డమా?" అని కూడా అన్నాను. ఆమె అద్దం కోస్తూనే ఉంది. కోత పూర్తయ్యాక, "ధరకాడ వంగు పాపా, నేనే వంగమంటాండా. పేరుకాడ వంగొద్దు. ఒకసారి పోతే అది యాడ ఎతుకుతావు?" అంది.

పత్తి సీజను మొదలవుతుండగా ఏజెంటు మళ్ళీ వచ్చాడు. ధర కాస్త తగ్గించుకున్నాం. పేరు తగ్గించుకోలేదు. ఆ ఏడాది చివర్లో క్యాలెండరు వచ్చింది. పడుగు కింద, కుడి మూలలో, నా పేరు, మా ఊరు. అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని నా పేరును బొటనవేలితో నెమ్మదిగా నిమిరింది. "సారు ఇంకో మాట గూడా సెప్పినాడు పాపా. హక్కులన్నీ రాసిచ్చేసినా, ఇది గీసింది నేనే అని సెప్పుకునే హక్కు గీసినోడిదేనంట. దాన్ని ఎవరూ కొనలేరంట. పోయినోడు యాడొచ్చి సెప్పుకుంటాడు?" అంది. నేనేదో అనబోయేలోగా పక్కనున్న లక్ష్మి పటం మీదికి వంగి, కొప్పులోంచి పెన్సిలు తీసుకుంది. కొలత గుర్తు పెడుతోందనుకున్నాను.

అత్తను కాటికి సాగనంపిన సాయంత్రం, తిరుగు బస్సు కోసం ఆదోని బస్టాండు పక్కన టీ హోటల్లో కూర్చున్నాను. గల్లాపెట్టె పైన గోడకు లక్ష్మి. చేతుల్లో పత్తికాయలు. ఫ్రేము చూడగానే తెలిసింది, అత్త చేతి పనే. అద్దానికి పొగమసి పట్టి ఉంది. ఎందుకో లేచి వెళ్ళి కొంగుతో తుడిచాను. లక్ష్మి పాదాల కింద, మిల్లు పేరు కత్తిరించేసిన చోట, చీమల్లాంటి పెన్సిలు అక్షరాలు. 'గీసినది' అని ఉంది. దాని పక్కన మా మామ పేరు.

నోటితో ఎన్నడూ పలకని పేరు అది. గోనెగండ్లలో, దేవనకొండలో, ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళలో ఆమె రాసి పంపిందో! నాకు ఏడుపు ఆగలేదు.

"ఏమ్మా, ఏమి సూస్తాండావు?" అన్నాడు హోటలాయన.

"ఈ బొమ్మ గీసింది మా మామ" అన్నాను.

"అట్లనా! పేరేంది?"

గట్టిగా చెప్పాను, టీ తాగుతున్న వాళ్ళంతా తలెత్తి చూసేటట్టు.