పెద్దమ్మ మూయని సున్నా

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, గండిపేటలోని మా అమ్మాయి ఫ్లాట్ బాల్కనీలో కుర్చీలో నడుం వాల్చానో లేదో, మా మనవరాలు ఫోన్‌ను పూలకుండీకి ఆనించి, ఇంటికే తెప్పించుకున్న ఊదారంగు ఊలు ఉండ ఒళ్ళో వేసుకుని, క్రోషియా సూదితో కుస్తీ మొదలుపెట్టింది. గుండ్రని టోపీ అల్లాలట. ఫోన్‌లో ఎవరో అమ్మాయి వేలికి దారం చుట్టి చూపిస్తోంది. ఇది ఆపుతుంది, వెనక్కి జరుపుతుంది, మళ్ళీ చుడుతుంది. నాకు తెలియకుండానే చెయ్యి చాచి, ఇటివ్వు, నేను మొదలుపెట్టిస్తాను అన్నాను. "వద్దు అమ్మమ్మా, వీడియో ఉన్నది కదా, నేనే స్టార్ట్ చేసుకుంట" అని నవ్వింది. పిల్లది తప్పేమీ అనలేదు. అయినా చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే నాకు మనసు చివుక్కుమంది.

క్రోషియా పట్టిన నా ఈడువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, గుండ్రని పనికి మొదలే ప్రాణం. వేలికి దారం వదులుగా చుట్టి, ఆ చుట్టులోకి సూది దూర్చి, దాని చుట్టూరా కుట్లు వేసి, చివరికి మిగిలిన దారపు కొసను లాగితే మధ్యలోని సున్నా మూసుకుపోతుంది. ఆ పైన చుట్టు మీద చుట్టు తిప్పుకుంటూ పోవడమే. మా ఇంట్లో మాత్రం ఆ సున్నాను ఎవరిది వారు వేసుకునేవారు కాదు. చిన్నప్పుడు మిషన్ బడిలో దొరసానుల దగ్గర ఈ పని నేర్చుకున్న మా అమ్మమ్మ పెట్టిన నియమం అది. దొరసానులకు కూడా తెలియని నియమం. చదరంగా అల్లినదానికి అంచు ఉంటుంది, ఎక్కడ మొదలైందో కంటికి కనిపిస్తుంది. గుండ్రనిదానికి అది కనిపించదు కాబట్టి మొదలుపెట్టిన చెయ్యి ఎవరిదో అల్లేవాళ్ళ మనసులో మెదులుతూ ఉండాలని అనేదట. అందుకని మొయినాబాద్‌లో ఉండే పెద్దమ్మకు మా అమ్మ సున్నా వేసిచ్చేది, చేవెళ్లలో ఉండే అమ్మకు పెద్దమ్మ వేసిచ్చేది. బల్ల మీద గుడ్డ కావాలన్నా, కుండ మీద మూత గుడ్డ కావాలన్నా ఒకరు బస్సెక్కాల్సిందే. వెళ్ళినవాళ్ళు ఉత్తచేతులతో వెళ్తారా, వెళ్ళి ఊరికే వస్తారా? దారం మిషతో టమాటలూ చింతపండూ ఊళ్ళో కబుర్లూ అన్నీ అటూ ఇటూ తిరిగేవి.

ఆ రాకపోకలు ఒక్కసారిగా ఆగిపోయాయి. భర్త పోయి, పిల్లలు లేక ఒంటరిగా ఉన్న పెద్దమ్మ దగ్గరే అమ్మమ్మ చివరి రోజులు గడిపి, అక్కడే కన్ను మూసింది. చేవెళ్లలో తాత సమాధి పక్కన పెడదామని అమ్మ పట్టుబట్టింది. పెద్దమ్మ ససేమిరా అని మొయినాబాద్‌లోనే మట్టి చేయించింది. ఆ రోజు నలుగురిలో అమ్మ అనరాని మాట ఒకటి అన్నది, పెద్దమ్మ కూడా తక్కువేం తినలేదు. ఇద్దరికీ ముక్కు మీదే కోపం. ఏడాది దాటినా ఒకరి పేరు ఒకరు ఎత్తలేదు, అమ్మ ఆ సమాధి వైపు తొంగి చూడనైనా లేదు. తెగేదాకా లాగొద్దని నాన్న చెప్పి చెప్పి ఊరుకున్నాడు. అమ్మ దారం బుట్ట మాత్రం మంచం కింద దుమ్ము పట్టింది.

అంతలో షాబాద్‌లో ఇచ్చిన మా అక్క తొలి కాన్పుకు ఇంటికి వచ్చింది. పుట్టబోయే బిడ్డకు మా అమ్మ చేతి టోపీ ఉండాలి కదా. నాన్న పట్నం నుంచి తెల్లటి మెత్తని ఊలు తెచ్చాడు. అమ్మ బుట్ట దులిపి కూర్చుని, తన సున్నా తానే వేసుకుంది. రెండు చుట్లు తిప్పి విప్పేసింది. మళ్ళీ వేసింది, మళ్ళీ విప్పింది. పని రాక కాదు, పెద్దమ్మ అల్లిన గుడ్డలన్నిటికీ మొదలు అమ్మ చెయ్యే. "నా చెయ్యి నాకే ఒప్పుతలేదు" అని ఆ ఊలును పక్కన పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కకు నెలలు నిండుతున్నాయి, టోపీ లేదు, అమ్మ పంతం దిగదు. ఇల్లంతా ఆ ఊలు ఉండ చుట్టూ జాగ్రత్తగా నడిచేది.

చివరికి ఒక పొద్దున నన్ను దగ్గరకు పిలిచి, ఊలునూ సూదినీ సంచిలో పెట్టి, "మొయినాబాద్ పోయి పెద్దమ్మతోని మొదలుపెట్టించుకొని రా. నేనే నేర్చుకుంటున్ననని చెప్పు. నా పేరు ఎత్తకు" అన్నది. మనసు వెళ్ళమంటోంది, కాళ్ళు కదలనంటున్నాయి, మధ్యలో పదేళ్ళు నిండని నేను.

పెద్దమ్మ నా అబద్ధమంతా ఓపికగా విన్నది. ఊలును చెంపకు ఆనించుకుంది. నేర్చుకునే పిల్లల చేతికి ఎవరైనా అంత మెత్తని తెల్ల ఊలు ఇస్తారా? "మీ అక్కకు ఎన్నో నెల బిడ్డా?" అని మాత్రం అడిగి, వేలికి చుట్టి, చుట్టూ కుట్లు వేసి, కొస లాగకుండానే ఆపేసింది. మధ్యలో సున్నా అట్లాగే తెరుచుకుని ఉంది. దాన్ని నా చూపుడు వేలికి తొడిగి, "వేలు తీసినవంటే మొత్తం పోతది, జర పైలం. నేను ఇడిసిపెట్టిన, గుంజుడు మీ అమ్మ పని అని చెప్పు" అన్నది.

ఆ మాట నేను అక్షరాలా నమ్మాను. నిండు బస్సులో, రెండో చేత్తో కడ్డీ పట్టుకుని, ఆ వేలు పైకెత్తి నిలబడ్డాను. కనకమామిడి దగ్గర కండక్టరు చూసి, "ఏం తల్లీ, వేలికి దెబ్బ తాకిందా, దవాఖానకా?" అని ఆటపట్టించాడు. బస్సంతా నవ్వినా నేను వేలు దించలేదు.

అమ్మ దాన్ని నా వేలి నుంచి తీసి, పెద్దమ్మ మాట విని, జాగ్రత్తగా బుట్టలో పెట్టింది. లాగలేదు. మర్నాడు తొలి బస్సుకే నన్ను వెంటబెట్టుకుని మొయినాబాద్ వెళ్ళింది. పెద్దమ్మ గడపలోనే కూర్చుని ఉంది, రాక తెలిసినట్టే. ఒకరు కుట్లను పట్టుకున్నారు, ఒకరు కొసను లాగారు, సున్నా మూసుకుంది. అప్పుడు పెద్దమ్మ బోరుమన్నది. "అమ్మను గూడ నువ్వు తోల్కపోతే నాకు ఈడ ఎవరుంటరే?" ఆ ఒక్క మాట ఏడాది కిందటే అని ఉంటే అమ్మ కరిగిపోయేది, కానీ పంతాల్లో ఉన్నప్పుడు అసలు మాటే నోటికి రాదు. ఇద్దరూ కలిసి సమాధి దగ్గరకు వెళ్ళారు. తిరిగి వచ్చి అన్నాలు తిన్నాక, పసిబిడ్డ తల ఎంత ఉంటుందన్న దాని మీద మళ్ళీ పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట వింటూ నేను హాయిగా నిద్రపోయాను. అక్క కొడుకు తలకు ఆ టోపీ కాస్త వదులే అయింది.

ఇప్పుడు ఎవరి సున్నా వారే వేసుకుంటున్నారు, చక్కగానే వేస్తున్నారు. ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు. మా మనవరాలి టోపీ నిజంగానే బాగా కుదిరింది, అది మెచ్చుకోకపోతే నాకు కళ్ళు పోతాయి. మా అక్క షాబాద్‌లోనే ఉంది, నేను గండిపేటలో. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటాం, ముఖాలు చూసుకుంటాం, ఆమె ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో నాకు తెలుసు, నా మోకాళ్ళ నొప్పి ఆమెకు తెలుసు. ఆమెకు కావలసినవి ఆమె వాకిట్లోకి వస్తాయి, నాకు కావలసినవి నా వాకిట్లోకి. అమ్మా పెద్దమ్మల్లా మాకు ఎన్నడూ మాటపట్టింపు రాలేదు. అయినా ఒకరి గడప ఒకరం తొక్కి, వాళ్ళు మాట్లాడుకోకుండా ఉన్న కాలం కంటే ఎక్కువే అయింది.