పత్తిలో కంది

కోతల పండుగనాడు మా చర్చిలో ఎవరి పంట వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆ ఏడు మా అక్క పత్తి సాళ్ల మధ్య వేసిన కందులు తెచ్చింది. బావ పోయాక ఆమె ఒంటిచేత్తో తీసిన తొలి పంట అది. పాస్టరు గారు ఆ గంప మీద చెయ్యి పెట్టి దీవించారు. దేవుడు తనకు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెబుదామని అక్క లేచింది.

ఆయన ఆపేశారు. "సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలమ్మా. లేఖనంలో ప్రతి మాటా దేవుడిదే. మనం ఏరుకోకూడదు."

అక్క కూర్చుండిపోయింది. నాకు ఒళ్లు మండింది. నేను లెక్కలు నేర్చుకున్నది బడిలో కాదు. అయినా 'ప్రతి' అన్నాక ఒక్కటి వదిలినా లెక్క తప్పుతుందని తెలుసు.

"ఒకే చేలో రెండు రకాల విత్తనాలు వెయ్యొద్దని కూడా రాసుందండీ. ఆ కందులు పత్తిలో పండినయ్యే. ఎట్టా దీవించారు?"

"అది పాత ధర్మశాస్త్రం."

"మరి ఏరుతోంది ఎవరండీ?"

"కూర్చోరా ఒరేయ్, నువ్వేమన్నా బిషప్పువా?" అని వెనక నుంచి చిన్నాన్న అరిచాడు. అందరూ నవ్వారు. పాస్టరు గారు పాట మొదలుపెట్టించారు.

మగవాళ్ల సేద్యానికి అడ్డొచ్చిన మాట పాతబడుతుందట, ఆడదాని నోరు మూసే మాట మాత్రం కలకాలం నిలుస్తుందట! అది దేవుడి ఏర్పాటంటే నేను నమ్మను.

దారిలో అక్కతో అన్నాను, "నాకు చెప్పు, వింటాను."

"నీకు చెప్పేదైతే ఇంట్లోనే చెప్పేదాన్ని గదరా," అంది.