గోడ మీద పాకిన చెయ్యి

మా ఆయన పోయిన పదహారో రోజు నా గాజులు పగలగొట్టడానికి ఇంట్లో అందరికన్నా పెద్ద ముండమోపిని కూర్చోబెట్టారు. అరవదేశంలో స్థిరపడ్డ మా తెలుగువాళ్లలో అది ఆవిడ హక్కు. మా ఆయనకు మేనత్త. కళ్లకు పొర కమ్మి, ఎదురుగా ఉన్నది మనిషో మేకో కూడా తెలియదు. రాయి ఇంకొకరికి ఇవ్వమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ముసలమ్మ గుండ్రాయి ఎత్తి వేసింది. గాజు తప్పించుకుంది, నా మణికట్టు విరిగింది.

కెవ్వుమన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నాకు మొగుడి మీద ఎంత ప్రేమో అనుకుని ఇంకా గట్టిగా ఏడ్చారు.

"పాపం, ఎట్ల అల్లాడతా ఉండాదో సూడండమ్మా!" అంది ఒకావిడ.

"సేయి ఇరిగిందే ముసల్దానా!" అన్నాను నేను.

కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఆ మాట చాలా ఏళ్లు తిరిగింది. పదహారో రోజున పెద్దావిడను తిట్టిన ఆడది అని నాకు పేరు పడింది. చెయ్యి విరిగిన సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోలేదు.

ఎముకలు కట్టే వైద్యుడు వచ్చి కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టించి, వెదురుబద్దలు పెట్టి వేళ్ల దాకా కట్టాడు. చేతిని మెడకు వేలాడదీశాడు. నలభై రోజులకు విప్పుతానని చెప్పి, అన్నట్టే వచ్చాడు. మా బావగారు, అంటే మా ఆయన అన్న, గుమ్మంలోనే ఆపేశారు. మొగుడు పోయి మూల కూర్చున్న ఆడదాన్ని ఆర్నెల్లు నిండేదాకా పరాయి మగాడు ముట్టుకోకూడదట. కట్టిన రోజు ముట్టుకున్నాడు కదా అని అడిగితే, ఆ రోజు ఇల్లంతా గొడవగా ఉంది, ఎవరూ చూడలేదన్నారు. నేనే విప్పుకోబోతే ఎముక జారిపోతుందని బెదిరించారు.

ఆర్నెల్లకు కట్టు విప్పారు. ఎముక అతుక్కుంది. చెయ్యి మాత్రం ఎండుకట్టె అయింది. వేళ్లు ముడుచుకోవు. పైకెత్తబోతే ఛాతీ దగ్గరే ఆగిపోతుంది. తల దువ్వుకోలేను, ముద్ద కలుపుకోలేను.

"ఒంటి సేత్తో నీకు సేనెందుకమ్మే? మేము సూసుకుంటాంలే. నీకింత కూడు పెట్టకుండా పోతామా?" అంది తోడికోడలు.

వినడానికి దయగానే ఉంది. కానీ నా మొగుడి వాటాకు వచ్చిన నల్లరేగడి అంతా పత్తి. పత్తి ఏరే చెయ్యి ఉన్నంతవరకే అది నాది. ఆ తర్వాత వంటింటి మూల, ఆమె పెట్టిన కూడు.

విరుదునగర్‌లో మిరపకాయల మండీలో పనిచేసే నా తమ్ముడు వచ్చి, నన్ను రైలెక్కించి తీసుకుపోయాడు. అక్కడి ఆస్పత్రిలో ఒక నర్సమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, అరవంలో చెప్పింది:

"ఎముకకు రోగం లేదు. కదలకపోవడమే రోగం. ఇట్లే వదిలేస్తే ఈ భుజం నీకు ఇక జన్మకు లేవదు."

"మందేమిటి?" అన్నాను.

"గోడ" అంది.

దీనికి పిచ్చి అనుకున్నాను. నన్ను గోడకు ఎదురుగా నిలబెట్టి, సాలెపురుగులాగా వేళ్లతో పైకి పాకమంది. ఇక చేతకాదన్న చోట బొగ్గుతో గీత పెట్టాలి. రేపు ఆ గీత దాటాలి. వేణ్నీళ్లలో తడిగుడ్డ పిండాలి. విభూతికి చాచినట్టు అరచెయ్యి వెల్లకిలా తిప్పాలి, పారబోసినట్టు బోర్లించాలి. రోజుకు నాలుగు సార్లు.

"తైలం రాయొద్దా?"

"రాసుకో. వాసన బాగుంటుంది."

తమ్ముడింట్లో నెల రోజులు ఉన్నాను. వారానికోసారి ఆమె నా చెయ్యి వంచేది, నేను తెలుగులో బూతులు తిట్టేదాన్ని. చివరి వారానికి అందులో మూడు ఆమెకు కంఠస్థమయ్యాయి.

ఊరికి వచ్చాక కూడా నేను గోడను వదల్లేదు. తోడికోడలు చూసి గుండెలు బాదుకుంది.

"ఏందమ్మే, బల్లి మాదిరి గోడెక్కతా ఉండావు? దయ్యం పట్టిందా?"

"పట్టింది. నీ మరిదే. సేను జాగ్రత్త అని సెబుతా ఉండాడు."

ఆ తర్వాత ఆమె నా గోడ వైపు రావడం మానేసింది. నాకు కావలసిందీ అదే. కొన్ని వారాలు గీత అంగుళం కూడా జరిగేది కాదు. అప్పుడు గోడనూ తిట్టాను. గీత భుజం దాటి, చెవి దాటి, నడినెత్తి దాటేసరికి పత్తి పగిలింది.

బావగారు బండి కట్టుకుని, ఇద్దరు కూలి ఆడవాళ్లతో చేనికి వచ్చేసరికి నేను నడుముకు గుడ్డ కట్టుకుని సాలులో ఉన్నాను.

"మూల ఉండాల్సినదానివి, ఇక్కడేం పని?" అన్నారు.

"ఏరతా ఉండా, బావా."

"ఆ సేత్తోనా? ఎంతసేపు ఏరతావో సూస్తా."

గట్టు మీద కూర్చున్నారు. రెండు వేళ్లు పెట్టి కాయలోంచి దూది లాగాను, గుడ్డలో వేశాను, మళ్లీ లాగాను. మణికట్టులో నిప్పు పెట్టినట్టుంది. అరిస్తే ఆయన గెలిచినట్టే. అందుకని అరవలేదు. కూలి ఆడవాళ్లు నా సాలులోకి రాలేదు, ఊరికే నిలబడి చూశారు. వాళ్లలో ఒకతె, "బాగానే ఏరతా ఉండాది గదయ్యా!" అంది.

పొద్దు నడినెత్తికి వచ్చాక బావగారు ఖాళీ బండి తోలుకుని వెళ్లిపోయారు. నేను నీళ్లు తాగి, అరచెయ్యి నాలుగు సార్లు తిప్పి, రెండో సాలు పట్టుకున్నాను.