ఏడో అడుగు

నరసన్నపేటలో ఒక మేడ మీద గదిలో నేను నాట్యం నేర్పే రోజులవి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా పిల్లలందరినీ ఒకే గాటన కట్టకూడదని మొదటినుంచీ పట్టుదల. చూసి నేర్చుకునేవాళ్లకు ఎదురుగా నిలబడి ఆడి చూపించేదాన్ని. చూస్తే తికమకపడేవాళ్లకు మడమ పట్టుకుని అడుగు వేయించేదాన్ని. "తై హత్ తై హి" నోటికి ఎక్కనివాళ్లను మనసులో ఎనిమిది దాకా లెక్కపెట్టుకోమనేదాన్ని.

అలా లెక్కపెట్టుకునే పిల్లల్లో ఒక తొమ్మిదేళ్ల పాప ఉండేది. మేడ కిందే వాళ్ల ధాన్యం కొట్టు. ఆరు అడుగులు తాళానికి తగ్గట్టు వేసేది. ఏడోది ఆలస్యం. ఎనిమిదో అడుగుకి పరుగో పరుగు. కాలు నొప్పేమో అనుకున్నాను, కాదు. కుడిఎడమలు తెలియడం లేదేమోనని నేల మీద సుద్దముక్కతో పాదాలు గీశాను. అద్దం ముందు నిలబెట్టాను. కసిరాను, బతిమాలాను. ఏడో అడుగు కదిలితే ఒట్టు! ఆరింటి దాకా బాగున్న పిల్లకి అక్కడ ఏమవుతోందో అర్థంకాక నాకు పిచ్చెక్కేది.

శ్రీకాకుళంలో మా ప్రదర్శన పది రోజులుందనగా పాపను బృందంలోంచి తీసేశాను. "సరే టీచర్" అని గజ్జెలు విప్పి సంచిలో పెట్టుకుంది. ఎదురు చెప్పినా బాగుండేది. నేను చేసింది న్యాయమో అన్యాయమో నాకే తేలలేదు.

రెండు రోజుల తర్వాత చోళ్లు కొనడానికి ఆ కొట్టుకే వెళ్లాను. పాప నాయనమ్మ ఎవరికో కుంచంతో కొలుస్తోంది. పాప గోనెసంచి మూతి పట్టుకుని ఆమెతోపాటే లెక్కపెడుతోంది.

"లాభం... రెండు... మూడు..."

ఒకటి అనకుండా లాభం అనడం కొలిచేవాళ్లకు మామూలే. నేను పట్టించుకోలేదు.

"ఆరు... ఆరున్నొక్కటి... ఎనిమిది."

అప్పుడు వెలిగింది నాకు. ఏడు అంటే ఏడుపని, ఆ మాట ఆ కొట్లో నోట రానివ్వరు. అంత పొడుగు మాట అనుకునేసరికి తాళం దాటిపోదూ!

"ఒసే, డాన్సులో కూడా ఇలాగే లెక్కెడతన్నావేటే?"

"మరెలా లెక్కెడతారు టీచర్?"

"ఇన్నాళ్లూ నాకు సెప్పనేదేటే?"

"మీరు కాళ్లు సూసారు, మడాలు సూసారు. లోపల ఏటనుకుంటన్నావని అడగనేదు కదా."

నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పిల్ల సేత ఆ మాట అనిపించకమ్మా. మా ఇంట అనం."

"అననక్కర్నేదు మామ్మా" అని పాప వైపు తిరిగాను. "ఆరు అయ్యాక ఏటీ అనుకోకు. ఊరికే అడుగెయ్యి."

బస్తాల మధ్య వేసింది. నేను చేత్తో తాళం వేశాను. అడుగు సరిగ్గా పడింది. సిగ్గుతో నా తల వాలిపోయింది. సాయంత్రం గజ్జెలు తీసుకుని పైకి రమ్మన్నాను.

మరునాడు తాళం కర్ర పక్కన పెట్టి, మిగతా పదిమందినీ కూర్చోబెట్టి, ఆడేటప్పుడు లోపల ఏమనుకుంటారని అడిగాను. చర్చిలో చప్పట్లు గుర్తు చేసుకుంటానంది ఒక పిల్ల. రెండో ఎక్కం అంది ఇంకొకతె. ఏమీ అనుకోను, పక్కదాని గజ్జెలు వింటానంది మరొకతె. నేను చెప్పిందే అనుకుంటున్నవాళ్లు ఇద్దరే తేలారు. మరి మిగతావాళ్లకు ఇంతకాలం నాట్యం నేర్పిందెవరు?